వేడిని తోడిపోసిన విజ్ఞాని: కెల్విన్ ప్రభువు

నీరు పల్లమెరుగునన్న సామెత తెలుగునాట పసిపిల్లలకు సైతము తెలిసినదే. వేడి స్వభావము కూడ అట్టిదే. కాగిన పాలగిన్నెను పొయ్యి మీదినుండి దింపి యుంచినచో, అందలి వేడి చుట్టునున్న గాలిలోనికి జారిపోవును. గాలిలోని వేడి తనంత తానుగా గిన్నెలోనికి ఎక్కి పాలను మరల మరిగించుట ఎన్నడును జరుగదు. అయితే పల్లమున నున్న నీటిని మిట్టకు చేర్చుటకు రైతు ఏతామును కనుగొనెను. ఏతాము నీటిని సృష్టింపదు. నూతిలో నున్న నీటిని పైకి తోడును. అందులకు కొంత శ్రమ వెచ్చింపవలసి యుండును. అట్లే చలిగాలిలో నున్న వేడిని తోడి, ఇంటిలోనికి పోసి, ఇంటిని వెచ్చగా నుంచవచ్చునా?

వినుటకు విడ్డూరముగా తోచు ఈ ప్రశ్నకు, చేయవచ్చునని లెక్కగట్టి, అట్టి యంత్రము ఎట్లుండవలెనో 1852వ సంవత్సరముననే వివరించిన విజ్ఞాని యొకడు గలడు. అప్పటికి ఆయన వయస్సు 28 ఏండ్లు. ఆయన పేరు విలియము థామ్సన్. తరువాతి కాలమున లోకము ఆయనను కెల్విన్ ప్రభువుగా ఎరిగినది. నేడు శీతలదేశములలో ఇండ్లను వెచ్చబరచుచున్న హీట్ పంపు అను యంత్రమునకు మూలము ఆయన ఆనాడు వేసిన లెక్కయే.

బాల్యము, విద్య

విలియము థామ్సన్ 1824 జూన్ 26వ తేదీన ఐర్లండు దేశమందలి బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి జేమ్సు థామ్సన్ కర్షక కుటుంబమున పుట్టి, స్వయంకృషిచే విద్య గడించి, గణితోపాధ్యాయుడైన వాడు. ఆయన రచించిన గణిత పాఠ్యగ్రంథములు ఆ కాలమున పాఠశాలలలో వ్యాప్తి గాంచినవి. విలియము ఆరవయేట తల్లి మరణించెను. అప్పటినుండి పిల్లల పోషణముతోపాటు వారి చదువు భారమును కూడ తండ్రియే వహించెను. 1832లో ఆయనకు గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితాచార్య పదవి లభింపగా, కుటుంబము స్కాట్లండుకు తరలిపోయెను.

గ్లాస్గో నాడు కొలిమిలకును, నూలు మిల్లులకును, ఓడల నిర్మాణమునకును పేరుగన్న నగరము. బొగ్గుపొగ లేని దినము అచట అరుదు. ఆవిరియంత్రమును సంస్కరించి దానికి నూతనజీవము పోసిన జేమ్సు వాట్ అంతకు పూర్వము ఆ విశ్వవిద్యాలయముననే పరికరములు మరమ్మతు చేయుచు జీవించినవాడు. అట్టి చోట, 1834లో, పదేండ్ల ప్రాయముననే విలియము తన అన్న జేమ్సుతోపాటు విశ్వవిద్యాలయ తరగతులలో చేరెను. ఆ కాలమున అచట చిన్న పిల్లలను చేర్చుకొను ఆచారము కలదు. అయినను ఆ బాలుని ప్రజ్ఞ తోడి విద్యార్థులను, గురువులను ఆశ్చర్యపరచినది.

1840లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే రచించిన ఉష్ణప్రసారశాస్త్ర గ్రంథము విలియము చేతికి చిక్కెను. ఘనపదార్థములలో వేడి ఏ రీతిగా, ఎంత వేగముగా ప్రవహించునో గణితముచే నిరూపించిన మహాగ్రంథమది. పదునారేండ్లయినను నిండని బాలుడు దానిని పక్షము దినములలో ఆకళించుకొనెను. ఎడింబరో విశ్వవిద్యాలయాచార్యు డొకడు ఫూరియే గణితము దోషయుక్తమని వ్రాసియుండగా, ఆ ఖండనమే దోషయుక్తమని చూపుచు విలియము ఒక వ్యాసము రచించెను. తన పేరు వెల్లడింపక, మారు సంకేతాక్షరములతో 1841లో దానిని ప్రకటించెను. అతని జీవితమున వేడితో మొదలైన ఆ పరిచయము తుదివరకు విడివడలేదు.

అదే సంవత్సరము అతడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను. చదువుతోపాటు పడవ పందెములందును బహుమతి గడించెను. 1845 నాటి గణిత పరీక్షలో ప్రథమస్థానము తప్పి ద్వితీయస్థానము మాత్రమే లభించినది. కాని వెనువెంటనే జరిగిన స్మిత్ బహుమతి పరీక్షలో ప్రథముడుగా నిలిచెను. పిమ్మట పారిస్ నగరమునకేగి, ఆవిరి ధర్మములను అతి సూక్ష్మముగా కొలుచుటలో ప్రసిద్ధుడైన రెన్యో అను శాస్త్రజ్ఞుని పరిశోధనాలయమున కొంతకాలము పనిచేసెను. గణితము మాత్రమే చాలదనియు, చేతితో కొలిచి చూచుట అవసరమనియు అతనికి అచట అనుభవమునకు వచ్చినది.

దొరకని పుస్తకము

పారిస్‌లో థామ్సన్ ఒక పుస్తకము కొరకు అంగడి అంగడి తిరిగెను. దాని రచయిత సాది కార్నో అను ఫ్రెంచి సైనిక ఇంజనీరు. ఆవిరియంత్రమునుండి గరిష్ఠముగా ఎంత పని రాబట్టవచ్చునన్న ప్రశ్నను విచారించి ఆయన చిన్న గ్రంథమొకటి వ్రాసెను. అది వెలువడినది 1824లో, అనగా థామ్సన్ పుట్టిన సంవత్సరముననే. దానిని పట్టించుకొన్నవారు మిక్కిలి కొద్దిమంది. 1832లో, 36 ఏండ్ల వయస్సున, కార్నో కలరా వ్యాధికి గురియై మరణించెను. థామ్సన్ ఆ పేరు చెప్పినప్పుడు పుస్తక విక్రేతలు కార్నో సోదరుడు వ్రాసిన సాంఘిక గ్రంథములను చూపిరే కాని, కోరిన పుస్తకము ఒక్కరివద్దను లేకపోయెను. దాని సారమును క్లాపేరన్ అను ఇంజనీరు 1834లో వ్రాసిన వ్యాసము ద్వారానే ఆయన అప్పటికి గ్రహింపగలిగెను. మూలగ్రంథము ఆయన చేతికి వచ్చుటకు మరి మూడేండ్లు పట్టినది.

కార్నో భావము సులభమైనది, గంభీరమైనది. ఎత్తునుండి పల్లమునకు పడు నీరు చక్రమును త్రిప్పునట్లే, అధికోష్ణమునుండి అల్పోష్ణమునకు దిగు వేడి యంత్రమును నడుపును. రెండు ఉష్ణోగ్రతల నడుమ ఎంత అంతరమున్నదన్న దానిమీదనే, ఒక పరిమాణపు వేడినుండి రాబట్టగల పని ఆధారపడియుండును. నీటిచక్రమును వెనుకకు త్రిప్పిన నీరు పైకెక్కునట్లు, ఆ యంత్రమును వెనుకకు నడిపిన వేడి పైకెక్కును. ఈ చివరి భావమే తరువాత థామ్సన్ చేతిలో ఫలించినది.

1846లో, 22 ఏండ్ల వయస్సున, థామ్సన్ గ్లాస్గో విశ్వవిద్యాలయమున ప్రకృతి తత్త్వశాస్త్రాచార్యుడుగా నియమితుడయ్యెను. ఆ పీఠమును ఆయన 53 ఏండ్లు అధిష్ఠించెను. విద్యార్థులు స్వయముగా ప్రయోగములు చేయుటకు ప్రత్యేక స్థలము లేని ఆ కాలమున, విశ్వవిద్యాలయమందలి పాత ద్రాక్షాసవపు నేలమాళిగను ఆయన పరిశోధనాలయముగా మార్చెను. బ్రిటనులో భౌతికశాస్త్ర విద్యార్థులకు ఏర్పడిన మొదటి పరిశోధనాలయము అదియే. ఆయన ఉపన్యాసములు క్రమము తప్పి ఎటో పోవుచుండెడివి. సామాన్య విద్యార్థులు అందుకొనలేకపోయెడివారు. అయినను ఆయన ఉత్సాహము వారికి సోకకపోలేదు. పాఠము అర్థము కానివారు సైతము ప్రయోగశాలలో ఆయనతో పనిచేయుటకు ముందుకు వచ్చెడివారు.

1847లో ఆక్స్‌ఫర్డున జరిగిన విజ్ఞానుల సభలో మాంచెస్టరు ప్రాంతీయుడైన జేమ్సు జౌల్ ప్రసంగమును థామ్సన్ వినెను. జౌల్ మద్యము తయారుచేయు వ్యాపార కుటుంబమునకు చెందినవాడు, ఆచార్యుడు కాడు. నీటిలో తెడ్లచక్రమును త్రిప్పి, ఆ శ్రమ ఎంత వేడిగా మారుచున్నదో ఆయన కొలిచి యుండెను. పని వేడిగా మారును, వేడి పనిగా మారును అని ఆయన సిద్ధాంతము. కార్నో మాత్రము వేడి తరుగక, నీటివలె కేవలము క్రిందికి దిగునని భావించి యుండెను. ఇద్దరి మాటలలోను సత్యమున్నదని థామ్సనుకు తోచినది. కాని రెండును పొసగునట్లు కనబడలేదు. నాలుగేండ్లు ఆయన ఈ చిక్కుతో పెనుగులాడెను. ఈ మధ్యలో, 1849లో, తండ్రి కూడ కార్నోను బలిగొన్న కలరా వ్యాధికే లోనై మరణించెను.

1850లో జర్మనీలో క్లాసియసు, 1851లో గ్లాస్గోలో థామ్సన్ ఈ చిక్కు విప్పిరి. వేడిలో కొంత భాగము పనిగా మారును. తక్కిన భాగము చల్లని తావునకు దిగిపోవును. శక్తి నశింపదు. కాని దిగిపోయిన వేడి తనంత తాను పైకి రాదు. 1852లో థామ్సన్ మరియొక అడుగు ముందుకువేసి, ప్రకృతిలో శక్తి నిరంతరము నిరుపయోగ రూపమునకు జారిపోవుచున్నదని ప్రకటించెను. నిప్పు కాచుకొనువాడు బొగ్గులోని శక్తిని నాశనము చేయుటలేదు. ఎత్తునుండి పల్లమునకు ఒక్కసారిగా త్రోసివేయుచున్నాడు. నడుమ ఆ శక్తిచే చేయించుకొనదగిన పనిని చేయించుకొనుటలేదు. ఈ దుర్వ్యయమే ఆయన మనస్సును కలచినది.

అంతకుముందే, 1848లో, ఆయన ఉష్ణమును కొలుచుటకు నూతనమానము నొకదానిని ప్రతిపాదించి, తరువాత దానిని సవరించుచు వచ్చెను. నీరు గడ్డకట్టు స్థితిని సున్నగా ఎంచుట మానవుని సౌకర్యము కొరకే. వేడికి నిజమైన అట్టడుగు దానికి 273 డిగ్రీల దిగువను కలదు. ఈ మానమున చూచినచో, గడ్డకట్టు చలిలోని గాలి కూడ 273 మెట్లు పైన నున్నదే. కావున చలిగాలి వేడి లేనిది కాదు. చేతికి తెలియని వేడి గలది. నూయి ఎండిపోలేదు, నీరు లోతున నున్నది.

1852 నాటి లెక్క

ఆ సంవత్సరము డిసెంబరు మాసమున గ్లాస్గో తత్త్వశాస్త్ర సంఘపు ప్రచురణలో థామ్సన్ చిన్న వ్యాసమొకటి ప్రకటించెను. గాలి ప్రవాహముల సహాయమున భవనములను పొదుపుగా వేడిచేయుట, చల్లబరచుట అనునది దాని విషయము.

ఆయన వర్ణించిన యంత్రమున రెండు సిలిండర్లు, వాని నడుమ పలుచని లోహపు తొట్టి యొకటి కలవు. మొదటి సిలిండరు వెలుపలి గాలిని పీల్చి వ్యాకోచింపజేయును. వ్యాకోచించిన గాలి వెలుపలి గాలికంటె చల్లనగును. ఆ చల్లని గాలి తొట్టిలో నుండగా, వెలుపలి వాతావరణములోని వేడి లోహము గుండ లోనికి ప్రవేశించును. ఏలయన, వేడి పల్లమెరుగును, ఇప్పుడు తొట్టియే పల్లము. పిమ్మట రెండవ సిలిండరు ఆ గాలిని మరల నొక్కి మునుపటి పీడనమునకు తెచ్చును. నొక్కబడిన గాలి వేడెక్కును. సైకిలు పంపుతో చక్రమునకు గాలికొట్టినవారెల్లరు పంపు అడుగుభాగము వేడెక్కుట ఎరుగుదురు. ఇట్లు వేడెక్కిన గాలిని భవనములోనికి పంపవచ్చును. వేడిని పల్లమునకు ఆశజూపి రప్పించి, పిమ్మట మిట్టకెత్తుట ఇందలి ఉపాయము.

థామ్సన్ వేసిన లెక్క ఇట్టిది. వెలుపల 50 ఫారన్‌హీట్ డిగ్రీలు, అనగా 10 సెంటిగ్రేడు డిగ్రీలు, ఉన్నదనుకొందురు గాక. లోనికి పంపవలసిన గాలి 80 ఫారన్‌హీట్ డిగ్రీలు, అనగా సుమారు 27 సెంటిగ్రేడు డిగ్రీలు, ఉండవలెను. గాలిని వేడిచేయుట ఆరంభించినప్పుడు ఎత్తవలసిన ఎత్తు సున్న. తుదకు అది సుమారు 17 డిగ్రీలు. సగటున 8 డిగ్రీలకు కొంచెము హెచ్చు. ఆ ఎత్తును నూతనమానము ప్రకారము సుమారు 292 డిగ్రీలతో పోల్చవలెను. ఫలితము 35లో ఒక వంతు. అనగా, ఏ లోపమును లేని యంత్రము దొరకినచో, గాలిని నేరుగా వేడిచేయుటకు వలయు శక్తిలో 35వ వంతు మాత్రమే వెచ్చించి ఆ పని నెరవేర్చవచ్చును. తక్కిన 34 వంతుల వేడిని వెలుపలి గాలియే ఉచితముగా ఇచ్చును.

ఇందు మాయ ఏమియు లేదు. ఏతాము నడుపువాని శ్రమ నూతి లోతును బట్టి యుండును. లోతు తక్కువయైన కొలది, అంతే శ్రమతో అధికముగా నీరు తోడవచ్చును. ఆ నాటి మేలైన ఆవిరియంత్రము బొగ్గు శక్తిలో సుమారు పదవ వంతును మాత్రమే పనిగా మార్చగలిగెడిది. అట్టి యంత్రముతో ఈ ఏతామును నడిపినను, బొగ్గును నేరుగా మండించుటకంటె మూడవ వంతుకు తక్కువ బొగ్గుతో పని సాగవలెను. కొలిమి వేడిని సృష్టించును. ఈ యంత్రము ఉన్న వేడిని కదలించును. కదలించుట సృష్టించుటకంటె చౌక. వ్యాసములోని సారాంశము ఇంతియే.

ఆ యంత్రమును ఎవరును నిర్మింపలేదు. గ్లాస్గో చుట్టును బొగ్గుగనులు, బొగ్గు అతిచౌక. గాలి పలుచనిది కావున, తగినంత వేడిని మోయుటకు బ్రహ్మాండమైన సిలిండర్లు కావలెను. ఇంటింట నడుపదగిన విద్యుత్ మోటారు అప్పటికి లేదు. కాని ఆ వ్యాసమున చెప్పిన రెండవ సగము, అనగా చల్లబరచుట, మాత్రము ముందుగా ఫలించినది. పాతికేండ్లు గడచిన పిమ్మట అదే గ్లాస్గో నగరమున బెల్ సోదరులును, కోల్‌మన్ అను రసాయనజ్ఞుడును గాలితో నడుచు శీతలయంత్రమును నిర్మించిరి. 1880లో స్ట్రాత్‌లీవెన్ అను ఓడ ఆ యంత్రముతో ఆస్ట్రేలియానుండి గడ్డకట్టించిన మాంసమును చెడకుండ లండనుకు చేర్చెను. వేడిని తోడు యంత్రము ఓడకెక్కినది కాని ఇంటి కెక్కలేదు.

సముద్రగర్భపు తంతి

వ్యాసము వెలువడిన 1852లోనే థామ్సన్ మార్గరెటు క్రమ్ అను నామెను వివాహమాడెను. ఆమె త్వరలోనే వ్యాధిగ్రస్తురాలై, 1870లో మరణించువరకు పూర్తిగా కోలుకొనలేదు. ఆ ఏండ్లలోనే థామ్సన్ జౌలుతో కలిసి, సన్నని రంధ్రముల గుండ ఒత్తిడితో దూరి వెలువడు వాయువుల ఉష్ణోగ్రత మార్పులను కొలిచెను. ఆ ఫలితము శతాబ్దాంతమున గాలినే ద్రవముగా మార్చు పరిశ్రమకు పునాది యైనది.

లోకము ఆయనను ఎరిగినది మాత్రము అట్లాంటిక్ మహాసముద్రపు తంతి వలన. 1857లో తంతి తెగిపోయెను. 1858లో వేసిన తంతి కొద్ది వారములు మాత్రమే పనిచేసెను. ఇతరులు అతిబలమైన విద్యుత్తును ప్రయోగించుటచే అది పాడయ్యెను. బలహీనమైన సంకేతమునైనను చిన్న అద్దముపై పడు వెలుగు కదలికచే కనిపెట్టు పరికరమును థామ్సన్ నిర్మించి యుండెను. 1865లో వేసిన తంతి సముద్రమున జారిపోయెను. 1866లో తుదకు కార్యము నెరవేరినది. ఆయనకు సర్ బిరుదము లభించినది. ఈ నడుమ మంచుపై ఆడుచు జారిపడి కాలు విరుగుటచే జీవితాంతము ఆయన కుంటుచునే నడచెను. అయినను సముద్రయానమునందలి ప్రీతి తగ్గలేదు. స్వంత నౌకపై తిరుగుచు నావికుల దిక్సూచిని సంస్కరించెను, సముద్రపు లోతు కొలుచు యంత్రమును కల్పించెను. 1874లో మదీరా ద్వీపవాసిని ఫ్రాన్సెస్ బ్లాండీని పునర్వివాహము చేసికొనెను.

1881లో యార్కు నగరమున జరిగిన విజ్ఞానుల సభలో ఆయన ప్రకృతిలోని శక్తి వనరులను గూర్చి ప్రసంగించెను. బొగ్గు తరుగు నిధియే కాని పెరుగునది కాదనియు, ఒకనాడు మానవుడు మరల గాలిమరల వైపు చూడవలసి వచ్చుననియు ఆ ప్రసంగ తాత్పర్యము. ఆ ఏడే విశ్వవిద్యాలయమందలి తన ఇంటిలో విద్యుద్దీపములు వెలిగించెను. 1892లో ప్రభువుల సభలో స్థానము లభించినప్పుడు, విశ్వవిద్యాలయము ప్రక్కన ప్రవహించు కెల్విన్ అను చిన్న నది పేరునే తన బిరుదనామముగా స్వీకరించెను.

ఒక పొరపాటు

మహామేధావులును పొరబడుదురు. ఏ శాస్త్రమున కెల్విన్ అసమానుడో ఆ శాస్త్రముననే ఆయన తప్పటడుగు వేసెను. మొదట కరగి యుండిన భూమి చల్లారుటకు ఎంతకాలము పట్టునో ఫూరియే గణితముతో లెక్కించి, భూమి వయస్సు 2 కోట్ల ఏండ్లకును 40 కోట్ల ఏండ్లకును నడుమ నుండునని ఆయన 1862లో తెల్పెను. వయస్సు పెరిగిన కొలది ఆయన ఆ అంకెను ఇంకను తగ్గించెనే కాని పెంచలేదు. శిలలను పరిశీలించువారు, జీవపరిణామమును చింతించువారు ఆ కాలము చాలదని మొరపెట్టినను లక్ష్యపెట్టలేదు. 1895లో, ఒకప్పుడు ఆయనకు సహాయకుడుగా నుండిన జాన్ పెర్రీయే, భూగర్భమున వేడి ఊహించినదానికంటె సులభముగా కదలుచున్నచో లెక్క తారుమారగునని వినయముతో చూపెను. గురువు అంగీకరింపలేదు. నేడు భూమి వయస్సు సుమారు 454 కోట్ల ఏండ్లని నిర్ణయమైనది. గణితము తప్పు కాదు. దానికి ఆధారమైన ఊహ తప్పు. పేరు పెద్దదైనప్పుడు ఊహ కూడ సత్యమువలె చెలామణి యగుట లోకమున కలదు.

కెల్విన్ దీనిని అంగీకరింపకున్నను, తన పరిమితిని ఎరుగనివాడు కాడు. 1896లో ఆచార్యత్వపు ఏబదేండ్ల ఉత్సవమును దేశదేశముల విజ్ఞానులు గ్లాస్గోలో జరిపినప్పుడు, పొగడ్తలకు సమాధానముగా ఆయన తన శాస్త్ర ప్రయత్నములన్నిటికి వైఫల్యమను ఒక్క మాటయే తగునని చెప్పెను. విద్యుత్తునకును, ద్రవ్యమునకును గల సంబంధము ఏబదేండ్ల క్రిందట ఆచార్యుడుగా చేరిన తొలినాటికంటె తనకు ఎక్కువగా ఏమియు తెలియలేదని ఆయన వేదన. 1899లో పదవి విరమించి, మరునాటికి ఖాళీగా కూర్చుండక, అదే విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా తన పేరు నమోదు చేయించుకొనెను. 1907 డిసెంబరు 17వ తేదీన, 83 ఏండ్ల వయస్సున, లార్గ్‌స్ గ్రామమందలి స్వగృహమున ఆయన కన్నుమూసెను. వెస్టుమినిస్టరు ఆలయమున న్యూటన్ సమాధి చెంతనే ఆయన భౌతికకాయమును ఉంచిరి. ఆయనకు సంతానము లేదు.

నేటి ఇండ్లలో

ఆయన మరణించిన ఇరువదేండ్లకు హాల్డేన్ అను ఇంజనీరు స్కాట్లండులోని తన ఇంటిలో ప్రయోగముగా హీట్ పంపును నడిపి చూపెను. 1938లో జ్యూరిక్ పురపాలక భవనమును లిమ్మత్ నదీజలమునుండి తోడిన వేడితో వెచ్చబరచిరి. 1951లో లండనున రాయల్ ఫెస్టివల్ హాలునకు థేమ్సు నది వేడి నిచ్చినది. నేడు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ వంటి అతిశీతల దేశములలోనే ఈ యంత్రములు అధికముగా వాడుకలో నున్నవి.

నేటి యంత్రము గాలిని నొక్కదు. తక్కువ ఉష్ణోగ్రతలోనే మరుగు ద్రవమొకటి దాని గొట్టములలో తిరుగుచుండును. వెలుపలి గొట్టములలో ఆ ద్రవము చలిగాలిలోని వేడినే పీల్చి ఆవిరియగును. విద్యుత్తుచే నడుచు కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి వేడెక్కించును. లోపలి గొట్టములలో అది తన వేడిని ఇంటికి అప్పగించి మరల ద్రవమగును. సన్నని కవాటము గుండ దూరి, పీడనము తగ్గి, చల్లబడి, తిరిగి వెలుపలికి పోవును. ఆవిరియగునప్పుడు ద్రవము పీల్చు వేడి మిక్కుటము. కావుననే థామ్సన్ యంత్రమునకు వలసిన మహా సిలిండర్లు దీనికి అక్కరలేదు. ఇంటింటి రిఫ్రిజిరేటరు ఈ యంత్రమే. విజయవాడలో మే మాసమున గదిని చల్లబరచు ఎయిర్ కండిషనరు ఈ యంత్రమే; గోడ వెలుపలి పెట్టెనుండి కొట్టు వడగాలి, గదిలోనుండి తోడి పారబోసిన వేడియే. దిశ మారినచో అదియే శీతలదేశపు కుంపటి.

దాని పొదుపునకు నేటికిని కెల్విన్ లెక్కయే కొలబద్ద. వెలుపల 0 డిగ్రీలుండి, ఇంటి నేల క్రింది గొట్టములకు 35 డిగ్రీల నీరు చాలునన్నచో, 308ని 35చే భాగింపగా సుమారు 9 వచ్చును. ఒక వంతు విద్యుత్తుతో 9 వంతుల వేడి పొందుట ఆదర్శపు హద్దు. రాపిడి మున్నగు నష్టములు పోగా వాస్తవముగా మూడు, నాలుగు వంతులు లభించును. 55 డిగ్రీల నీరు కావలెనన్నచో హద్దు 6కు పడిపోవును; వాస్తవలాభమును తగ్గును. నూయి లోతైన కొలది శ్రమ హెచ్చుట ఇదియే. కావున గోడలు, కిటికీలు వేడిని విడువకుండ కట్టిన ఇంటను, విశాలమైన గొట్టముల వరుస గల ఇంటను ఈ యంత్రము చక్కగా రాణించును. చలి ముదిరిన దినములలో దాని లాభము తగ్గును. వెలుపలి గొట్టములపై పేరిన మంచును కరగించుటకు కొంత శక్తి ఖర్చగును. అంతమాత్రమున అది నిరర్థకము కాదు. సహజవాయువును పొయ్యిలో మండించినచో 100 వంతుల శక్తినుండి ఇంటికి దక్కునది సుమారు 90 వంతులు. అదే వాయువుతో 50 వంతుల విద్యుత్తును పుట్టించి, దానితో మూడింతల వేడి తోడినచో ఇంటికి 150 వంతులు దక్కును. ఆ విద్యుత్తు గాలిమరలనుండియో, జలపాతములనుండియో వచ్చినచో మండించు పనియే లేదు.

ఈ కథ తిరిగి గ్లాస్గో చెంతకే చేరినది. ఆ నగరమునకు దిగువను, క్లైడ్ నదీతీరమున, క్లైడుబ్యాంకు అను పట్టణము కలదు. ఒకప్పుడు మహానౌకలను నిర్మించిన రేవుస్థలమున, 2020 తరువాతి ఏండ్లలో, నదీజలమునుండి వేడిని తోడి భవనములకు పంచు పెద్ద హీట్ పంపులు పనికి దిగినవి. కెల్విన్ అను ఆ చిన్న నది క్లైడ్ నదిలోనే కలియును. దాని నీరు ఆ రేవు ముందునుండియే సముద్రమునకు పోవును. ఎవని పేరున ఆ నది లోకప్రసిద్ధమైనదో ఆ విజ్ఞాని 28వ యేట వ్రాసి ప్రక్కనబెట్టిన లెక్క, నూటయరువది యేండ్లకు పైబడిన పిమ్మట ఆ నీటిలోనే సార్థకమైనది.

జీవితకాలమున సింహాసనమెక్కిన ఆయన సిద్ధాంతమొకటి కాలగతిలో కూలిపోయెను. ఎవరును లెక్కచేయని చిన్న వ్యాసము నిలిచినది. విద్య నేర్చువారును, నేర్పువారును ఈ రెండింటిని కలిపి స్మరింపవలెను. సత్యమునకు పెద్దపేరు అండ కాదు; కాలమాలస్యము అడ్డును కాదు. తన శ్రమకు వైఫల్యమని పేరు పెట్టుకొన్న ఆ వృద్ధాచార్యుడు మరుసటి పాఠము కొరకు విద్యార్థిగా పేరు వ్రాయించుకొనుటయే ఆయన జీవితమున మిక్కిలి వెచ్చనైన ఘట్టము.